రాక్కా, రాకక్కా

పోయిన ఆదివారం పొద్దున మా మేనకోడలు వాంకూవర్ నుంచి ఫోన్ చేసింది. వచ్చే నెల వాళ్ళ నాన్న సంవత్సరీకం. ఆ రోజు హాల్లో భోజనాలకి ముందు అయిదారుగురు తలా రెండు నిమిషాలు మాట్లాడతారని, అందులో నేను తప్పక ఉండాలని, నేను చెప్పవలసింది ఆ స్కీయింగ్ కథేనని, తన స్నేహితులు కూడా వస్తున్నారు కాబట్టి ఇంగ్లీషులో చెప్పాలని వరసగా చెప్పుకుపోయింది. "కీపిట్ ఫన్నీ, అత్తా. ద వే డాడ్ టోల్డిట్" అని ఆఖరి మాటలు కాస్త గట్టిగా, విడివిడిగా పలికింది. ఆ ఇంట్లో పిల్లలిద్దరూ నాతో ఎప్పుడూ అలాగే గట్టిగా, విడివిడిగా మాట్లాడతారు. దానికీ ఆ కథే కారణం.

నాలుగు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. రాయడం నాకు కొత్త కాదు. ఇక్కడ కెనడా నడుమనున్న రెజైనాలో ప్రభుత్వ ఆఫీసులో పాతికేళ్ళకి పైగా పైవాళ్ళ సంతకం కోసం ఉత్తరాలు రాసిపెట్టిన దాన్ని. ఎంత చిక్కు సంగతినైనా ఒక పేజీలో, ఎవరికీ నొప్పి కలగకుండా చెప్పగలనని పేరు. అయినా ఈ రెండు నిమిషాల కథ కుదరలేదు. రాసిందల్లా కొట్టేశాను. అందులో నవ్వొచ్చే చోటు తెలుగులో ఒక్క అక్షరం మీద నిలబడి ఉంది. ఇంగ్లీషులోకి తెస్తే వివరణ మిగులుతుంది, నవ్వు మిగలదు. అదొక చిక్కు. అంతకన్నా పెద్ద చిక్కు, అది నవ్వవలసిన కథ కాకపోవడం. ఇరవై ఏళ్ళుగా అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వుమొహం పెట్టుకుని కూర్చున్నాను గనక ఇప్పుడు ఆ మాట ఎవరితో అన్నా నమ్మరు. అందుకని ముందు నా ఈడు వాళ్ళకి, ఈ భాష చెవిన పడితే అర్థమయ్యేవాళ్ళకి, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటాను.

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాది కాకినాడ. సముద్రం తెలుసు గాని కొండలు తెలియవు. మాకు తెలిసిన కొండ అన్నవరం కొండ ఒక్కటే, దానికి మెట్లున్నాయి. నేను పెళ్ళయి రెజైనా వచ్చాను. వాడు అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసి, అక్కడ వీసా పొడిగింపు తేలక, వాంకూవర్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. వచ్చిన రెండో చలికాలానికే వాడికి కొండల పిచ్చి పట్టింది. ఆఫీసులో వాడి పక్కన కూర్చునే తెలుగతను స్కీయింగ్ నేర్పించాడు. మొదట లిఫ్టులు ఉన్న కొండల మీద, తాళ్ళు కట్టి, జెండాలు పాతి, ఇటు వెళ్ళండి అటు వెళ్ళకండి అని బోర్డులు పెట్టిన చోట ఆడేవాడు. మూడో ఏడు వచ్చేసరికి అది చప్పబడిపోయింది. లిఫ్టూ బోర్డూ మనిషీ లేని కొండని కాళ్ళతో ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగడం, దాన్ని వాళ్ళు బ్యాక్‌కంట్రీ అంటారు, అదే అసలైన స్కీయింగని నాకు ఫోనులో గంటల తరబడి చెప్పేవాడు.

నాకూ స్కీలు తొడుక్కోవడం వచ్చు. ఇక్కడే పొరపాటు మొదలయింది. రెజైనా చుట్టుపక్కల నేల ఎంత చదునంటే ఆకాశానికీ నేలకీ మధ్య ఎత్తుగా కనిపించేది ధాన్యం గాదెలు తప్ప మరొకటి ఉండదు. ఇక్కడ స్కీయింగంటే సన్నటి చెక్కలు కాళ్ళకి కట్టుకుని గడ్డకట్టిన సరస్సు మీదా పార్కుల్లోనూ నడుచుకుంటూ జారడం. మా వారు చలికాలమంతా సోఫా దిగని మనిషి కాబట్టి శనాదివారాలు నేనొక్కదాన్నే వెళ్ళి గంటసేపు అలా తిరిగి వచ్చేదాన్ని. నా జీవితంలో నాదంటూ ఉన్న సుఖాల్లో అదొకటి. వాడు దాన్ని పట్టుకుని, "మా అక్కకి స్కీయింగ్ వచ్చు, రెజైనాలో వారం వారం చేస్తుంది" అని స్నేహితులకి చెప్పుకున్నాడు. రెండు చలికాలాలు వాంకూవర్ వెళ్ళినప్పుడు లిఫ్టు కొండల మీద చిన్న వాలుల్లో నన్ను దింపాడు కూడా. పడుతూ లేస్తూ దిగాను. దాంతో నేను దేనికైనా సిద్ధమేనని తేల్చుకున్నాడు. ఆ మాట కాదనకపోవడం నా తప్పు. తమ్ముడు నలుగురిలో మనని పొగుడుతుంటే కాదనబుద్ధి కాదు.

అది ఫిబ్రవరి నెల. మరదలికి అయిదో నెల. ఇప్పుడు నాకు ఫోన్ చేసిన పిల్లే కడుపులో ఉంది. నేను వారం రోజులు ఉండి చేసిపెడదామని వెళ్ళాను. శనివారం పొద్దున వాడు నన్ను కారులో ఎక్కించుకుని రెండు గంటలకి పైగా నడిపి, కనుమ రోడ్డు పక్కన మంచు తోసిన ఖాళీ స్థలంలో ఆపాడు. వస్తానన్న ఆఫీసు స్నేహితుడు జ్వరం వచ్చి రాలేదు. అతని సామాను మాత్రం వచ్చింది. అతని బీకన్‌ని నా మెడలో వేసి, ఛాతీకి పట్టీ బిగించి, ఇది మంచు కింద పడితే మనిషి ఎక్కడున్నదీ చెబుతుందన్నాడు. మంచు కింద పడడమేమిట్రా అంటే, "ఫార్మాలిటీ అక్కా. సీట్ బెల్ట్ లాంటిది. నేనున్నాగా" అన్నాడు. ఆ రోజు మంచు పరిస్థితి ఇంటర్నెట్‌లో చూశాడట, ప్రమాదం మధ్యస్థమని రాశారట. మధ్యస్థమంటే మనలాంటి వాళ్ళకి ఏం పర్వాలేదని వాడే అర్థం చెప్పాడు. వాడు రెండు రోజుల కోర్సు చేసి ఉన్నాడు. నేను కారు పక్కన నిలబడి పది నిమిషాలు చేశాను.

స్కీల అడుగున వెంట్రుకలున్న పట్టీలు అంటిస్తారు. వాటితో ముందుకి జరగవచ్చు, వెనక్కి జారవు. అలా మూడు గంటలు ఎక్కాం. వాడు ముందు, నేను వెనక. వాడికి నా నడక సరిపోలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వాచీ చూసుకుని, వెనక్కి తిరిగి "రాక్కా" అనేవాడు. మొదట ముద్దుగా అన్నాడు, తరవాత మామూలుగా అన్నాడు, గంట గడిచాక విసుగ్గా అన్నాడు. ఎండ పడితే మంచు మెత్తబడుతుందట, ఈలోపు దిగిపోవాలట. ఆ సంగతి ముందే చెబితే నేను రాకుండా ఉండేదాన్ని. చెప్పకుండా తీసుకొచ్చి, నడవలేదని విసుక్కోవడం నాకు మండింది. ఆ మూడు గంటల్లో ఎన్నిసార్లు "రాక్కా" విన్నానో లెక్కలేదు.

పైకి చేరాక నాకు అసలు సంగతి తెలిసింది. మేం దిగవలసిన వాలు కొంచెం దూరం కనిపించి, ఆ తరవాత బోర్లించిన గిన్నెలా వంగి కనిపించకుండా పోయింది. కింద ఏముందో తెలియదు. చాలా దూరాన, చాలా కింద, చెట్లు మాత్రం కనిపించాయి. నా స్కీల కొసలు గాల్లోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను దిగలేను, వచ్చిన దారినే వెళ్ళిపోదామన్నాను. వచ్చిన దారిన దిగడం ఇంకా కష్టమన్నాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరి తరవాత ఒకరు దిగాలి, అది రూలు. వాడు ముందు దిగి, ఎడమ పక్కన ఉన్న చెట్ల గుంపు దగ్గర ఆగుతాడు. అక్కణ్ణుంచి చేతికర్ర ఒకటి నిలువుగా ఎత్తితే నేను రావాలి. రెండు కర్రలూ తలపైన అడ్డంగా కలిపితే రాకూడదు. కోర్సులో నేర్పారట. అంతా బాగానే ఉంది. వాడు నాలుగు మలుపులు తిరిగి, ఆ వంపు దాటి కనబడకుండా పోయాక గాని మా ఇద్దరికీ తట్టని విషయం నాకు తట్టింది. కనబడని మనిషి కర్రలు నిలువుగా ఎత్తినా అడ్డంగా ఎత్తినా ఒకటే.

ఆ పైన ఒక్కదాన్నే ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. అయిదు నిమిషాలు కావచ్చు. కుడికాలు కుట్టుమిషను మీద ఉన్నట్టు దానంతట అదే ఆడుతోంది. గాలి కింది నుంచి పైకి కొడుతోంది. భయాన్ని గురించి చాలా పుస్తకాల్లో చదివాను. గుండె ఆగినట్టు, నెత్తురు గడ్డకట్టినట్టు అని రాస్తారు. నాకు అలాంటివేవీ జరగలేదు. మూత్రం వస్తుందేమోనని భయం వేసింది. ఇక్కడ చచ్చిపోతే మా వారికి కబురు ఎవరు చెబుతారు, ఆయన వంటింట్లో పప్పు డబ్బా ఏదో కూడా తెలియని మనిషి కదా అని ఆలోచన వచ్చింది. అంతే.

అప్పుడు కేక వినబడింది. "రాక్కా."

నేను కదల్లేదు. చేతి తొడుగులు సర్దుకున్నాను, బూటు పట్టీ బిగించుకున్నాను, బిగించినదాన్నే మళ్ళీ బిగించుకున్నాను. కాసేపటికి రెండో కేక వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేలా. మాట గాలికి ముక్కలైపోయింది, చివరి "క్కా" ఒక్కటే తెలిసింది. గొంతు మాత్రం తెలిసింది. పొద్దున్నుంచీ విన్న విసుగే ఇప్పుడు ముదిరిందనుకున్నాను. నాకు పౌరుషం వచ్చింది. వస్తున్నాలేరా అని పైకే అని, స్కీలు వాలులోకి తిప్పాను.

మూడు మలుపులు తిరిగాను. పడకుండా మూడు మలుపులు, అది ఆ రోజుకి నా ఘనత. నాలుగోది తిరగబోతుంటే పక్కన బరువైన తలుపు మూసినట్టు చప్పుడయింది. నా స్కీల ముందు మంచులో ఒక గీత పడి, అటూ ఇటూ పాకింది. నేను నిలబడే ఉన్నాను. నేల వెళ్ళిపోయింది. ఆ తరవాత నడుము మీదా వీపు మీదా కిందికి పోయాను. ఎంత దూరమో, ఎన్ని క్షణాలో చెప్పినా అది కల్పనే అవుతుంది. నోట్లోకి మంచు వచ్చింది, ఉమ్మడానికి వీలవలేదు. ఆగింది. ఆగిన మరుక్షణం చుట్టూ ఉన్నదంతా గట్టిపడిపోయింది. ఛాతీ దాకా లోపల ఉన్నాను. ఎడమ చెయ్యి లోపలే ఉంది, వేలు కదపలేకపోయాను. తల బయట ఉంది. తల బయట ఉండడం నా తెలివీ కాదు, వాడి కోర్సూ కాదు.

వాడు చెట్లలోంచి పడుతూ లేస్తూ వచ్చాడు. మొహంలో రక్తం లేదు. నా నోట్లో మంచు వేలితో తీసి, ఊపిరి ఆడుతోందని చూసుకుని, మడతపార విప్పుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు పారల మంచు తీసి అన్న మొదటి మాట ఇది.

"రావద్దంటే ఎందుకొచ్చావక్కా?"

"నువ్వే కదరా రమ్మన్నావు!"

"రాకక్కా అన్నాను. రాకక్కా!"

"రాక్కా అన్నావు. రెండుసార్లు అన్నావు."

"ఒక్కసారే అరిచాను. రాకక్కా అని. రెండోది ఎకో."

తవ్వడం ఆపి వాదించాడు. ఛాతీ దాకా మంచులో ఉండి నేనూ వాదించాను. పైన మిగిలిన మంచు ఎప్పుడు జారుతుందో తెలియని చోట, కాకినాడ నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్ళం, ఒక్క "క" ఉందా లేదా అని దెబ్బలాడుకున్నాం. ఇంగ్లీషులో వద్దని చెప్పే మాట ముందే వస్తుంది, మిగతాది వినబడకపోయినా మనిషి ఆగిపోతాడు. మన భాషలో రమ్మనడానికీ రావద్దనడానికీ మొదలు ఒకటే, తేడా అంతా వెనక ఉంది. పైగా అక్కా అని చేర్చి, రెంటినీ కలిపి ఒకే మాటగా పలకడం మా వైపు అలవాటు. ఇదంతా తరవాత ఆలోచించింది. అప్పుడు తోచింది ఒక్కటే, వీడు పార ఆపకుండా ఉంటే బాగుండునని.

ఒక స్కీ దొరకలేదు. ఉన్నదాన్ని వాడు వీపుకి కట్టుకున్నాడు. నేను నడిచాను, నడుం లోతు మంచులో, అడవిలోంచి, మధ్యాహ్నం మూడింటి దాకా. దారిలో వాడు నా ముందు నడుస్తూ, ప్రతి పది అడుగులకీ ఆగి వెనక్కి చూశాడు. ఒక్కసారి కూడా "రాక్కా" అనలేదు.

కారెక్కాక హీటరు పెట్టాడు. పెట్రోలు బంకు దగ్గర ఆపి టీ తెచ్చి ఇచ్చాడు. నేను తాగుతున్నంతసేపూ కప్పు వాడే పట్టుకున్నాడు. అప్పుడన్నాడు. "ఇంట్లో చెప్పకక్కా. ఈ టైములో దానికి తెలిస్తే కంగారు పడుతుంది." కారు అద్దాలు వేసి ఉన్నాయి, గాలి లేదు. చెప్పకక్కా అన్నదాంట్లో ప్రతి అక్షరం నాకు స్పష్టంగా వినబడింది. చెప్పలేదు. మరదలు అడిగితే జారిపడ్డానన్నాను. ఆ తరవాత ఎప్పుడో అమ్మకి ఫోనులో నిజం చెప్పబోయాను. మంచు జారిందే అమ్మా అన్నాను. మనకి పొద్దున గడ్డి మీద తడీ మంచే, కళ్ళ ముందు పొగా మంచే, కొండంత కూలి మీదపడేదీ మంచే. అమ్మ "మంచులో జారితే పర్వాలేదులే, మంచి చెప్పులు కొనుక్కో" అంది. అక్కడితో వదిలేశాను.

ఆ మంగళవారం నేను రెజైనా వచ్చేశాను. శనివారం నాడు వాంకూవర్‌లో ఎవరింట్లోనో తలో వంటకం తెచ్చుకునే భోజనాలు. అక్కడ ఈ కథ పుట్టిందని తరవాత తెలిసింది. ఎవరికీ చెప్పవద్దన్నవాడు పాతికమందికి చెప్పాడు. నవ్వించి చెప్పాడు. అక్క కొండ మీదనుంచి కూర్చుని దిగిందన్నాడు. మంచులో పీకలదాకా ఉండి తనని వ్యాకరణం అడిగిందన్నాడు. "ఒక్క క ఎగిరిపోయిందండీ, లేకపోతే అక్క ఎగిరిపోయేది కాదు" అని ముగించాడట. మనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారట. మరుసటి ఏడు నేను వెళ్ళేసరికి ఆ ఊళ్ళో మనవాళ్ళందరికీ నేను ఆ కథలో మనిషినే.

వాడు చెప్పడంలో నేర్పరి, ఒప్పుకుంటాను. ప్రతి ఏడూ ఆ కథకి కొత్త ముక్క చేరేది. వినేవాళ్ళు కూడా చెయ్యి వేసేవారు. ఒకసారి వరంగల్ వైపు ఒకాయన, "గదే మా దిక్కైతే ముందుగాల అక్కా అని పిల్చి, అటెన్క రాకే అంటం. మీ అక్క బతికిపోతుండె" అన్నాడు. కడప ఆమె ఊరుకోకుండా, "మేమైతే రావాకక్కా అంటాం. ఒక అక్షరం గాలికి పోయినా ఇంకోటి మిగుల్తాది" అంది. మీ కోస్తావాళ్ళకి అన్నీ మింగేయడం అలవాటని ఇంకొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్లేటులో పులిహోర ఉంది, దాన్ని చూస్తూ నవ్వాను.

నవ్వులాటతో పోతే ఇంత దూరం రాయను. ఆ కథ వల్ల నాకు సరిగ్గా వినపడదని ఇంట్లో స్థిరపడిపోయింది. పిల్లలు పుట్టినప్పటినుంచీ అత్తకి గట్టిగా చెప్పాలని నేర్చుకున్నారు. ఫలానా సంగతి నువ్వు ఇలా అన్నావు కదా అని నేను ఎప్పుడు గుర్తుచేసినా, "ఇంకో క పోయిందా అక్కా?" అనేవాడు. వాడి పోరు పడలేక చెవులు పరీక్ష చేయించుకున్నాను. బాగున్నాయన్నారు. ఫోన్ చేసి చెబితే, "డాక్టరు కొండ మీద చెయ్యలేదుగా" అన్నాడు. పోనుపోను నాకే అనుమానం మొదలయింది. ఆఫీసులో మీటింగుల్లో ఎవరైనా ఒక మాటంటే, నేను విన్నది అదేనా అని పక్కవాళ్ళని అడిగేదాన్ని. నేను రెండు కేకలు విన్నాను. అది నాకు రూఢిగా తెలుసు. తెలిసినదాన్ని ఏళ్ళ తరబడి అందరూ నవ్వుతూ కాదంటే, ఆ తెలియడం లోపల్లోపల అరిగిపోతుంది.

ఒక్కసారి అడిగాను. మేనకోడలికి పదేళ్ళప్పుడు, లిఫ్టు కొండ దగ్గర కాంటీన్లో కూర్చుని అది దిగి రావడం అద్దంలోంచి చూస్తున్నాం. ఆ రోజు నన్ను అంత కొండకి తీసుకెళ్ళడం తప్పే కదరా అన్నాను. వాడు కప్పులోకి చూశాడు. ఏదో అంటాడనిపించింది. "తీసుకెళ్ళకపోతే ఈ కథ ఎక్కడిదక్కా?" అని నవ్వి లేచాడు. నాకు కావలసింది క్షమాపణ కూడా కాదు. అవునక్కా అని ఒక్క మాట. అది ఆ మనిషి నోటినుంచి రాలేదు. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే కథకి ఇంకో ముక్క చేరుతుందని భయం.

కిందటేడు వాడు జబ్బుచేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వెళ్ళి మూడు వారాలున్నాను. ఒక సాయంత్రం వాడి పాత ఆఫీసు స్నేహితుడు చూడడానికి వచ్చాడు. ఆ రోజు జ్వరం వచ్చి కొండకి రానివాడే. వాడు అతనికి ఆ కథ మొదలుపెట్టాడు. ఊపిరి అందడం లేదు. వద్దన్నా వినలేదు. చివరికొచ్చేసరికి దగ్గు తెర వచ్చి ఆగిపోయి, నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. "ఒక్క క ఎగిరిపోయిందండీ" అని నేను పూర్తిచేశాను. స్నేహితుడు నవ్వాడు. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళు నన్ను వేధించిన మాటని నా నోటితో నేనే ముగించాను. అది తలుచుకుంటే నామీద నాకే చిరాకు.

నిన్న మరదలికి ఫోన్ చేసి, ఆ కథ నావల్ల కావడం లేదు, ఇంకేదైనా చెబుతానన్నాను. అప్పుడు చెప్పింది ఆమె.

"వదినా, మీరు సరిగ్గానే విన్నారు. ముందు రమ్మనే పిలిచారట. చెట్ల దగ్గరికి చేరగానే రాక్కా అని కేకేశారట. మీరు రాలేదని నాలుగడుగులు పక్కకి జరిగితే కాళ్ళకింద మంచు కుంగి గీత పడిందట. అప్పుడు రావద్దని అరిచారట. మీరు గెస్ట్ రూములో పడుకున్నారు చూడండి, ఆ సాయంత్రమే నాకు చెప్పేశారు. గుమ్మం దగ్గర బూట్లు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చారు. నేనే పిలిచాను, అక్క నేను పిలిస్తేనే వచ్చింది, అని ఒకటే మాట."

మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అక్కకి చెప్పకు, నేనే చెప్తానన్నారు. చెప్తారనుకున్నాను వదినా. ప్రతిసారీ ఆ జోక్ మొదలుపెట్టినప్పుడల్లా ఈసారి చెప్తారేమో అనుకునేదాన్ని." ఆమే మళ్ళీ, "ఆ తర్వాత ఎప్పుడూ లిఫ్టుల్లేని కొండకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి అనేవారు" అంది.

మోకాలి సంగతి నాకూ తెలుసు. రెండు మూడు సార్లు నూనె పంపించాను.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎలా కట్టావురా ఆ అబద్ధం అనుకున్నాను. రెండు కేకల్లో ఒకదాన్ని దాచేసి, రెండోదాన్నే అందరికీ వినిపించావు. అది నిజమే కాబట్టి నువ్వు ఎక్కడా తడబడలేదు. మొదటిదాన్ని మాత్రం నా చెవుల మీదకి తోసేశావు. ఏడ్చినవాడివి గుమ్మం దగ్గర కాకుండా పక్క గదిలోకి వచ్చి ఏడిస్తే ఏం పోయేది? నేనేం చేసేదాన్ని, ఒక దెబ్బ వేసి ఊరుకునేదాన్ని. భయపడ్డావని నాకు తెలుసు. నీ భయం నేను భరించగలిగేదాన్ని. నీ హాస్యం భరించడం కష్టమైంది.

పొద్దున లేచి మేనకోడలికి నాలుగు వాక్యాలు రాసి పంపాను. రెండు నిమిషాలు అక్కర్లేదు. మీ నాన్న ఒకసారి నన్ను కొండ మీదనుంచి దిగి రమ్మని పిలిచాడు, నాకు సరిగ్గానే వినబడింది, నేను వెళ్ళాను, తన చేతులతో తవ్వి నన్ను బయటికి తీశాడు, అని. అది ఫన్నీ కాదని వెంటనే జవాబిచ్చింది. కాసేపటికి, దిస్ ఈజ్ ఓకే టూ అత్తా, అని ఇంకొకటి పంపింది.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది కొండలకి వెళుతున్నారు. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళు కూడా. ముందు కోర్సులు చేస్తారట, నలుగురైదుగురు కలిసి వెళతారట, జేబులో చిన్న రేడియోలుంటాయట, కేకలు వేసే పనే లేదట. ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటారు, వద్దంటే డోంట్ అంటారు, అది ముందే వినబడుతుంది. మంచిదే. ప్రాణం దగ్గర అలాగే ఉండాలి. మా అజ్ఞానంలో ముద్దేమీ లేదు, దాన్ని పొగడను.

నన్ను ఈ ఊళ్ళో చిన్నవాళ్ళు ఆంటీ అంటారు, ఆఫీసువాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు, మరదలు వదినా అంటుంది. రమ్మన్నా వద్దన్నా చివర అక్కా అని కలిపి ఒకే మాటగా పలికేది వాడొక్కడే. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, వాడితో వాదించి గెలిచే మాట నా చేతికి వచ్చింది. రెండు కేకలు వేశావురా, మొదటిది పిలుపే, నేను సరిగ్గానే విన్నాను. వాడు పోయి పదకొండు నెలలైంది.